సర్వర్‌లెస్ ఫంక్షన్ల కోసం జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ బండ్లింగ్: సమగ్ర మార్గదర్శి

ఇరవై లైన్ల హ్యాండ్లర్ (సర్వర్‌లెస్ ఫంక్షన్‌ని, అంటే సర్వర్ బాధ్యత మీకు లేకుండా క్లౌడే నడిపే ఫంక్షన్‌ని, పిలిచినప్పుడు నడిచే కోడ్) రాసి, పక్కనున్న నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ని (ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీలుండే చోటు) మొత్తంగా జిప్ చేసి క్లౌడ్‌కి ఎక్కించినా ఫంక్షన్ పనిచేస్తుంది. పనిచేస్తోంది కదా అని చాలా ప్రాజెక్టులు అక్కడే ఆగిపోతాయి. తేడా తెలిసేది కోల్డ్ స్టార్ట్ అప్పుడే. అంటే, కొత్త ఎన్విరాన్‌మెంట్ లేచిన ప్రతిసారీ నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) మీ హ్యాండ్లర్ ఫైలు తెరుస్తుంది, అందులోని ప్రతి ఇంపోర్ట్‌కీ ప్యాకేజీ ఎక్కడుందో వెతుకుతుంది, దాని ప్యాకేజ్.జేసన్ చదువుతుంది, అసలు ఫైలు తెరిచి కంపైల్ చేసి నడుపుతుంది. ఆ ఫైలు ఇంకో పది ఫైళ్లను అడిగితే వాటికీ ఇదే తంతు. ఇలా వందలు, ఒక్కోసారి వేల ఫైళ్లు. ఒక్కో ఫైలుకి పట్టే సమయం చిన్నదే కానీ, అన్నీ కలిసేసరికి యూజర్‌కి తెలిసిపోయేంత ఆలస్యం అవుతుంది.

బండ్లర్ ఈ వెతుకులాటంతా మీ బిల్డ్ మెషిన్ మీద ఒక్కసారే చేసేసి, ఫంక్షన్‌కి నిజంగా కావలసిన కోడ్‌ని ఒకే ఫైలులో పెడుతుంది. ఈ గైడ్‌లో ప్రధానంగా ఏడబ్ల్యుఎస్ లాంబ్డా (అమెజాన్ సర్వర్‌లెస్ సేవ), ఈఎస్‌బిల్డ్ (బండ్లర్) జంటను తీసుకున్నాను. లాంబ్డా 2014లో మొదలైనప్పుడే నోడ్‌తో మొదలైంది కాబట్టి దాని మీద జరిగిన పని ఎక్కువ. మిగతా ప్లాట్‌ఫామ్‌ల తేడాలు చివర్లో చెబుతాను. చెప్పబోయేదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: క్లౌడ్‌కి ఎక్కేది మీరు రాసిన సోర్స్ కాదు, బండిల్. కాబట్టి కొలవాల్సిందీ, పరీక్షించాల్సిందీ, అర్థం చేసుకోవాల్సిందీ ఆ బండిల్‌నే.

ముందు కొన్ని హద్దులు

లాంబ్డాలో జిప్ ఫైలుని నేరుగా అప్‌లోడ్ చేస్తే 50 ఎంబీ దాటకూడదు. విప్పిన తర్వాత లేయర్లతో సహా 250 ఎంబీ దాటకూడదు. లేయర్లు (ఫంక్షన్లు పంచుకునేలా విడిగా ఎక్కించే ఫైళ్ల మూటలు) గరిష్ఠంగా 5. కంటైనర్ ఇమేజ్ వాడితే 10 జీబీ దాకా వెళ్లొచ్చు. ఫంక్షన్ లేచి సిద్ధమయ్యే దశకు, అంటే ఇనిట్ ఫేజ్‌కి, 10 సెకన్ల గడువు ఉంటుంది.

డబ్బు సంగతి కూడా ఉంది. జిప్‌గా ఎక్కించి మామూలు రన్‌టైమ్‌లో నడిచే ఫంక్షన్లకు ఇనిట్ దశ సమయాన్ని ఇదివరకు బిల్లులో లెక్కగట్టేవారు కాదు. 2025 ఆగస్టు 1 నుంచి దాన్నీ కలుపుతున్నారు. కాబట్టి బరువైన ప్యాకేజీకి యూజర్ ఆలస్యం రూపంలో చెల్లించేదే కాకుండా, మీరూ బిల్లులో చెల్లిస్తున్నారు.

మొదటి మెట్టు: ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కో ఎంట్రీ

బండ్లర్ ఎంత తెలివైనదైనా, మీరిచ్చిన ఎంట్రీ ఫైలు నుంచే గీతలు గీసుకుంటూ పోతుంది. పది ఫంక్షన్ల హ్యాండ్లర్లు ఒకే ఫైలులో ఉంటే, పదింటి డిపెండెన్సీలూ (అవి ఆధారపడే ప్యాకేజీలు) ప్రతి బండిల్‌లోకీ వస్తాయి. కాబట్టి సోర్స్ ఫోల్డర్‌లో హ్యాండ్లర్స్ అని ఒక ఫోల్డర్ పెట్టి, ఫంక్షన్‌కి ఒక ఫైలు చొప్పున ఉంచండి. ఆ ఫైలులో ఈవెంట్‌ని విప్పడం, అసలు పని చేసే ఫంక్షన్‌ని పిలవడం, జవాబు చుట్టి పంపడం తప్ప ఇంకేమీ ఉండకూడదు. బిజినెస్ లాజిక్ వేరే ఫోల్డర్‌లో ఉండాలి.

ఇక్కడ ఎక్కువ మంది చూడకుండా వదిలేసేది బ్యారెల్ ఫైళ్లు. యుటిల్స్ ఫోల్డర్‌లో ఒక ఇండెక్స్ ఫైలు పెట్టి అందులోంచి అన్నింటినీ రీఎక్స్‌పోర్ట్ చేయడం ఇంపోర్ట్ లైన్లను అందంగా ఉంచుతుంది, నిజమే. కానీ తేదీని ఫార్మాట్ చేసే చిన్న ఫంక్షన్ కోసం ఆ ఇండెక్స్‌ని ఇంపోర్ట్ చేస్తే, అదే ఇండెక్స్ ద్వారా పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ కూడా వెంట రావచ్చు. ట్రీ షేకింగ్, అంటే వాడని కోడ్‌ని బండ్లర్ వదిలేయడం, దాన్ని కోసేయాలి, కానీ ఏదైనా ఫైలు లోడ్ అయినప్పుడే పక్క పని చేసే అవకాశం ఉందని బండ్లర్‌కి అనుమానం వస్తే దాన్ని ముట్టుకోదు. మీ కోడ్‌లో అలాంటివి లేవని ఖాయంగా తెలిస్తే ప్యాకేజ్.జేసన్‌లో సైడ్ఎఫెక్ట్స్ విలువ ఫాల్స్ అని రాయండి. ఖాయంగా తెలియకపోతే రాయకండి, నేరుగా ఆయా ఫైళ్లనే ఇంపోర్ట్ చేసుకోండి. నా ఓటు ఎప్పుడూ రెండోదానికే.

రెండో మెట్టు: టైప్ చెకింగ్ వేరు, బండ్లింగ్ వేరు

ఈఎస్‌బిల్డ్ 2020లో వచ్చింది. గో భాషలో రాశారు. టైప్‌స్క్రిప్ట్ చదువుతుంది కానీ టైపులను తనిఖీ చేయదు; వాటిని తీసేసి ముందుకు పోతుంది. దాని వేగానికి ఒక కారణం ఇదే. అంటే టైపులు తప్పున్నా బిల్డ్ చక్కగా పూర్తవుతుంది. కాబట్టి బిల్డ్ స్క్రిప్ట్‌లో రెండు అంచెలు ఉండాలి: ముందు టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ని నోఎమిట్ ఆప్షన్‌తో నడపాలి, అది పాసైతేనే ఈఎస్‌బిల్డ్. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు వాటంతటవే నడిచే చోటు) మొదటి అంచె తప్పితే డిప్లాయ్ ఆగిపోవాలి.

టీఎస్‌కాన్ఫిగ్‌లో మూడు సంగతులు చూసుకోండి. స్ట్రిక్ట్ ఆన్‌లో ఉండాలి. ఐసొలేటెడ్ మాడ్యూల్స్ ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే ఈఎస్‌బిల్డ్ ఒక్కో ఫైలునీ విడిగా చదువుతుంది. పక్క ఫైలులోని టైపు సమాచారం ఉంటే తప్ప అర్థంకాని కోడ్ ఉంటే కంపైలర్ ముందే హెచ్చరిస్తుంది. మాడ్యూల్ రిజల్యూషన్‌కి టైప్‌స్క్రిప్ట్ 5.0లో వచ్చిన బండ్లర్ అనే విలువ పెట్టండి. టైపు కోసం మాత్రమే తెచ్చుకునేవాటిని ఇంపోర్ట్ టైప్ అని రాసే అలవాటు చేసుకుంటే, ఆ లైను బండిల్‌లోకి రాదని చదివేవాళ్లకీ తెలుస్తుంది.

నెస్ట్‌జేఎస్, టైప్ఓఆర్ఎం లాంటివి వాడేవాళ్లకి ఒక ప్రత్యేక హెచ్చరిక. ఆ లైబ్రరీలు డెకరేటర్ మెటాడేటా (క్లాసుల మీద @ గుర్తుతో రాసే డెకరేటర్లకు కంపైలర్ జతచేసే టైపు సమాచారం) మీద ఆధారపడతాయి, ఈఎస్‌బిల్డ్ ఆ మెటాడేటాని పుట్టించదు. బిల్డ్‌లో ఎర్రర్ రాదు, ఫంక్షన్ నడిచేటప్పుడు డిపెండెన్సీ ఇంజెక్షన్ దగ్గర అన్‌డిఫైన్డ్ అని పడిపోతుంది. దీనికి దారి, ముందు టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌తో గానీ ఎస్‌డబ్ల్యుసీ అనే మరో కంపైలర్‌తో గానీ జావాస్క్రిప్ట్‌గా మార్చి, ఆ ఔట్‌పుట్‌ని ఈఎస్‌బిల్డ్‌కి ఇవ్వడం.

కొత్త నోడ్ వెర్షన్లు టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లను నేరుగా నడుపుతున్నాయి కదా, ఇదంతా ఎందుకని అడగొచ్చు. నోడ్ చేసేది టైపులను తుడిచేయడం మాత్రమే. వేల ఫైళ్ల వెతుకులాట అలాగే ఉంటుంది.

మూడో మెట్టు: ఈఎస్‌బిల్డ్ సెట్టింగులు

ఈఎస్‌బిల్డ్‌ని డెవ్ డిపెండెన్సీగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కచ్చితమైన వెర్షన్‌కి కట్టేయండి. సున్నాతో మొదలయ్యే వెర్షన్లలో చిన్న అంకె మారినా ప్రవర్తన మారవచ్చు. కమాండ్ లైన్‌లో పొడుగాటి ఫ్లాగుల వరుస రాసే బదులు, ఒక చిన్న బిల్డ్ స్క్రిప్ట్ ఫైలు రాసుకుని అందులో బిల్డ్ ఫంక్షన్‌ని పిలవడం మేలు. ఆరు నెలల తర్వాత ఆ ఫ్లాగ్ ఎందుకు పెట్టారో కామెంట్ రాసుకునే చోటు ఉంటుంది.

ఎంట్రీ పాయింట్స్‌లో హ్యాండ్లర్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఇవ్వండి. బండిల్ విలువ ట్రూ. ప్లాట్‌ఫామ్ విలువ నోడ్. ఇది పెడితే ఫైల్ సిస్టమ్, క్రిప్టో లాంటి నోడ్ సొంత మాడ్యూళ్లను ఈఎస్‌బిల్డ్ బండిల్‌లోకి లాగకుండా వదిలేస్తుంది. టార్గెట్‌కి మీ ఫంక్షన్ నడిచే రన్‌టైమ్ వెర్షన్ ఇవ్వండి, నోడ్ 22 అయితే నోడ్22 అని. ఇది సింటాక్స్‌ని మాత్రమే మారుస్తుంది, లేని ఫంక్షన్లను తెచ్చిపెట్టదు. అది తెలియక పాత రన్‌టైమ్‌కి కొత్త అర్రే మెథడ్ పంపి బోల్తాపడడం మామూలే.

మెయిన్ ఫీల్డ్స్ అనే సెట్టింగ్‌ని మాత్రం తప్పకుండా చూడండి. ప్లాట్‌ఫామ్ నోడ్ అయినప్పుడు ఈఎస్‌బిల్డ్ ప్యాకేజీల మెయిన్ ఫీల్డ్‌ని ముందు చూస్తుంది, మాడ్యూల్ ఫీల్డ్‌ని తర్వాత. మెయిన్‌లో సాధారణంగా కామన్‌జేఎస్ (రిక్వైర్‌తో ప్యాకేజీలను తెచ్చుకునే నోడ్ పాత పద్ధతి) కోడ్ ఉంటుంది, కామన్‌జేఎస్‌కి ట్రీ షేకింగ్ జరగదు. క్రమాన్ని తిప్పి మాడ్యూల్, మెయిన్ అని ఇస్తే, రెండు రూపాలూ పంపిణీ చేసే లైబ్రరీల ఈఎస్ మాడ్యూల్ (ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ వాడే కొత్త పద్ధతి) రూపం దొరుకుతుంది. ఏడబ్ల్యుఎస్ ఎస్‌డీకే (ఏడబ్ల్యుఎస్ సేవలను కోడ్ నుంచి పిలిచే లైబ్రరీ) మూడో వెర్షన్ క్లయింట్లు ఇలాంటివే; ఈ ఒక్క లైనుతో బండిల్ బాగా తగ్గుతుంది. ఎక్స్‌పోర్ట్స్ ఫీల్డ్ ఉన్న ప్యాకేజీల మీద ఈ సెట్టింగ్ ప్రభావం ఉండదు. కొన్ని పాత ప్యాకేజీలు మాడ్యూల్ రూపంలో డిఫాల్ట్ ఎక్స్‌పోర్ట్ దగ్గర తేడా చేస్తాయి, కాబట్టి మార్చాక టెస్టులు నడపడం మరిచిపోవద్దు.

మినిఫై, అంటే కోడ్‌ని కుదించడం, పెట్టొచ్చు. పెడితే క్లాసుల, ఫంక్షన్ల పేర్లు ఒక్క అక్షరానికి కుదించుకుపోతాయి. కన్‌స్ట్రక్టర్ పేరుని స్ట్రింగ్‌గా చదివి దాని మీద నిర్ణయాలు తీసుకునే కోడ్ ఉంటే విరిగిపోతుంది. ఓఆర్ఎంలలో (డేటాబేస్ పట్టికలను క్లాసులుగా వాడనిచ్చే లైబ్రరీలు) ఇది తరచూ కనిపిస్తుంది. కీప్ నేమ్స్ ఆన్ చేస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. సర్వర్ వైపు కోడ్‌కి మినిఫై వల్ల వచ్చే లాభం, అనవసర ప్యాకేజీలను తీసేస్తే వచ్చే లాభం కన్నా సాధారణంగా తక్కువే. కాబట్టి దీన్ని ఆఖర్న ఆలోచించండి.

రియాక్ట్ లాంటిది సర్వర్ వైపు రెండర్ చేస్తుంటే, డిఫైన్ సెట్టింగ్‌లో నోడ్ఎన్వ్ విలువ ప్రొడక్షన్ అని రాయండి. డెవలప్‌మెంట్ కోసం ఉన్న శాఖలు పూర్తిగా కొట్టుకుపోతాయి. అదే డిఫైన్‌లో పాస్‌వర్డ్, ఏపీఐ కీ లాంటివి మాత్రం ఎన్నడూ రాయకండి. అవి బండిల్‌లో అక్షరాలా అచ్చయిపోతాయి, ఆ ఫైలు చూడగలిగిన ప్రతివాళ్లకీ కనబడతాయి.

నాలుగో మెట్టు: కామన్‌జేఎస్సా, ఈఎస్ మాడ్యూలా

అన్నిటికన్నా ఎక్కువ గంటలు తినేది ఈ ఫార్మాట్ నిర్ణయమే, అందుకే ఇక్కడ కొంచెం ఆగుదాం.

కామన్‌జేఎస్ ఔట్‌పుట్ నిలకడైనది. పాత ప్యాకేజీలన్నీ అందులో సజావుగా ఒదుగుతాయి. కానీ టాప్ లెవెల్ అవెయిట్ కుదరదు. హ్యాండ్లర్ బయట అవెయిట్ రాస్తే ఈఎస్‌బిల్డ్ బిల్డ్ దశలోనే ఒప్పుకోదు. ఫంక్షన్ లేచేటప్పుడే సీక్రెట్ తెచ్చుకోవాలి, కనెక్షన్ సిద్ధం చేసుకోవాలి అనుకునేవాళ్లకి అది లోటు. ఈఎస్ మాడ్యూల్ ఫార్మాట్‌లో లాంబ్డా దాన్ని అనుమతిస్తుంది.

ఈఎస్ మాడ్యూల్ ఎంచుకుంటే ఔట్‌పుట్ ఫైలు ఎక్స్‌టెన్షన్ ఎంజేఎస్ అయ్యేలా ఔట్ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్ పెట్టాలి. లేదంటే జిప్‌లో టైప్ విలువ మాడ్యూల్ అని రాసిన చిన్న ప్యాకేజ్.జేసన్ ఉంచాలి. రెండూ మరిచిపోతే నోడ్ ఆ ఫైలుని కామన్‌జేఎస్ అనుకుని మొదటి ఇంపోర్ట్ లైన్ దగ్గరే సింటాక్స్ ఎర్రర్ విసరవచ్చు.

ఇంకో అడ్డంకి దీని తర్వాత వస్తుంది. బిల్డ్ అయింది, డిప్లాయ్ అయింది, మొదటి పిలుపుకే లాగ్‌లో ఎర్రర్: ఈవెంట్స్ అనే మాడ్యూల్‌ని డైనమిక్‌గా రిక్వైర్ చేయడం సపోర్ట్ కాదు అని. మీరు మీ కోడ్‌లో ఎక్కడా రిక్వైర్ రాయలేదు. జరిగింది ఇదీ: మీ డిపెండెన్సీల్లో ఎక్కడో ఒక కామన్‌జేఎస్ ప్యాకేజీ ఉంది. అది నోడ్ సొంత మాడ్యూల్‌ని రిక్వైర్‌తో అడుగుతోంది. ఈఎస్‌బిల్డ్ ఆ ప్యాకేజీని బండిల్‌లో కలిపింది కానీ, నోడ్ సొంత మాడ్యూల్‌ని బయటే వదిలేసింది కాబట్టి ఆ రిక్వైర్ పిలుపు అలాగే మిగిలింది. ఈఎస్ మాడ్యూల్ ఫైలులో రిక్వైర్ అనేదే లేదు. దీనికి మందు, బ్యానర్ సెట్టింగ్ ద్వారా బండిల్ మొదట్లో రెండు లైన్లు పెట్టడం: నోడ్ మాడ్యూల్ నుంచి క్రియేట్‌రిక్వైర్‌ని ఇంపోర్ట్ చేసుకోవడం, దానికి ఇంపోర్ట్ మెటా యూఆర్ఎల్ ఇచ్చి రిక్వైర్ అనే పేరుతో ఒక కాన్స్ట్ తయారుచేయడం. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఎవరూ వాడని పేరు తగిలించండి. మీ కోడ్‌లోనో లైబ్రరీలోనో అదే పేరు ఉంటే ఒకే పేరు రెండుసార్లు డిక్లేర్ అయిందన్న ఎర్రర్ వస్తుంది. ఇదే తీరులో, డైరెక్టరీ పేరు ఇచ్చే పాత వేరియబుల్ కూడా ఈఎస్ మాడ్యూల్‌లో ఉండదు. దాన్ని ఆశించే ప్యాకేజీ ఉంటే బ్యానర్‌లో దాన్నీ తయారుచేయాల్సి వస్తుంది.

నా సలహా: కొత్త ప్రాజెక్టు అయితే ఈఎస్ మాడ్యూల్, ఆ బ్యానర్‌తో. పాత ప్యాకేజీలతో నిండిన ప్రాజెక్టుని సర్వర్‌లెస్‌కి తెస్తుంటే కామన్‌జేఎస్. ఫార్మాట్ మార్చినంత మాత్రాన వేగం పెద్దగా మారిపోదు, బండిల్‌లోకి ఏం వస్తోందన్నదే ముఖ్యం.

ఐదో మెట్టు: ఏది లోపల, ఏది బయట

ఎక్స్‌టర్నల్ జాబితాలో రాసిన ప్యాకేజీని ఈఎస్‌బిల్డ్ కలపదు. నడిచేటప్పుడు అది అక్కడ దొరుకుతుందని నమ్ముతుంది. ఆ మాట నిలబెట్టాల్సిన బాధ్యత మీది.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఏడబ్ల్యుఎస్ ఎస్‌డీకే గురించే. నోడ్ 18 నుంచి లాంబ్డా రన్‌టైమ్‌లో మూడో వెర్షన్ ఎస్‌డీకే ముందే ఉంటుంది, నోడ్ 16, అంతకు ముందు రన్‌టైమ్‌లలో రెండో వెర్షన్ ఉండేది. ముందే ఉంది కదా, ఎక్స్‌టర్నల్ అని రాసేస్తే జిప్ చిన్నదవుతుంది. కానీ నేనైతే ఎస్‌డీకేని బండిల్‌లోనే పెట్టమంటాను, రెండు కారణాలకి. రన్‌టైమ్‌లో ఉన్న ఎస్‌డీకే వెర్షన్ మీ చేతిలో ఉండదు. మీరు టెస్ట్ చేసింది ఒకటి, నడిచేది ఇంకొకటి అవ్వొచ్చు. రెండోది, రన్‌టైమ్ నుంచి లోడ్ చేసుకుంటే అది మళ్లీ అనేక ఫైళ్ల నుంచి లోడ్ అవుతుంది. బండ్లింగ్‌తో తప్పించుకోవాలనుకున్నదే అది. జిప్ పెరిగినా కోల్డ్ స్టార్ట్ తగ్గడం ఇక్కడ అరుదేమీ కాదు. మీ ఫంక్షన్ మీద రెండు విధాలా కొలిచి చూసుకోండి. క్లయింట్‌ని దాని సొంత ప్యాకేజీ నుంచే ఇంపోర్ట్ చేయండి, డైనమోడీబీ కావాలంటే డైనమోడీబీ క్లయింట్ ఒక్కటే.

రెండోది, అసలు వాడని ఐచ్ఛిక ప్యాకేజీలు. నెక్స్ లాంటి క్వెరీ బిల్డర్ రకరకాల డేటాబేస్ డ్రైవర్లను ప్రస్తావిస్తుంది. నెస్ట్‌జేఎస్ మైక్రోసర్వీసెస్, వెబ్‌సాకెట్స్ ప్యాకేజీలను ప్రస్తావిస్తుంది. మీరు వాటిని ఇన్‌స్టాల్ చేయకపోతే ఈఎస్‌బిల్డ్ దొరకలేదని ఆగిపోతుంది. మీరు వాడనివాటినే ఎక్స్‌టర్నల్‌లో రాసి ముందుకెళ్లండి.

మూడోది, నేటివ్ మాడ్యూళ్లు. షార్ప్, బీక్రిప్ట్ లాంటి ప్యాకేజీల్లో సీ, సీ ప్లస్ ప్లస్ నుంచి కంపైలైన బైనరీలు ఉంటాయి. అవి జావాస్క్రిప్ట్ ఫైలులో కలిసిపోవు. పైగా మీ ల్యాప్‌టాప్ కోసం తయారైన బైనరీ లాంబ్డాలో నడవదు; అక్కడ ఉన్నది అమెజాన్ లినక్స్, ప్రాసెసర్ ఎక్స్86 గానీ ఆర్మ్64 గానీ. కాబట్టి ఆ ప్యాకేజీని ఎక్స్‌టర్నల్ చేసి, జిప్ కోసం తయారుచేసే ఫోల్డర్‌లో దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. షార్ప్‌కైతే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్‌లో ఓఎస్ విలువ లినక్స్, సీపీయూ విలువ మీ ఫంక్షన్ ఆర్కిటెక్చర్ ఇస్తే సరైన బైనరీ వస్తుంది. ఫంక్షన్‌ని ఎక్స్86 నుంచి ఆర్మ్‌కి మార్చిన రోజు ఈ విలువ కూడా మారాలి. జావాస్క్రిప్ట్‌లోనే రాసిన ప్రత్యామ్నాయం ఉంటే, బీక్రిప్ట్ బదులు బీక్రిప్ట్‌జేఎస్ లాగా, వేగం సరిపోతుందో లేదో చూసి దానికే మారిపోవచ్చు. బిల్డ్ ఎంతో తేలికవుతుంది.

లేయర్లలో జావాస్క్రిప్ట్ లైబ్రరీలు పెట్టి అన్ని ఫంక్షన్లకీ పంచడం చూడ్డానికి బాగుంటుంది. కానీ లేయర్ కూడా అదే 250 ఎంబీ లెక్కలోకి వస్తుంది, ట్రీ షేకింగ్ దానికి అందదు, ఫంక్షన్‌కీ లేయర్‌కీ వెర్షన్లు తప్పిపోతుంటాయి. పెద్ద బైనరీలకైతే లేయర్ సరే. మామూలు కోడ్‌కి బండిల్ చాలు.

ఆరో మెట్టు: బండిల్‌ని తెరిచి చదవడం

మెటాఫైల్ సెట్టింగ్ ఆన్ చేస్తే ఈఎస్‌బిల్డ్ ఒక జేసన్ ఇస్తుంది. ఏ ఫైలు బండిల్‌లోకి వచ్చింది, ఎన్ని బైట్లు తిన్నది, దాన్ని ఎవరు పిలిచారు, అన్నీ అందులో ఉంటాయి. ఈఎస్‌బిల్డ్ వెబ్‌సైట్‌లో ఉన్న అనలైజర్ పేజీలో ఆ ఫైలు వేస్తే బొమ్మలా కనిపిస్తుంది. అనలైజ్ ఫ్లాగ్ ఇస్తే టెర్మినల్‌లోనే పెద్ద ఫైళ్ల జాబితా, శాతాలతో వస్తుంది. వెర్బోస్ విలువ కూడా ఇస్తే ఒక్కో ఫైలు కింద దాన్ని లాక్కొచ్చిన దారి మొత్తం కనిపిస్తుంది.

ఎలా చదవాలో ఒక ఉదాహరణ. ఆర్డర్‌ని భద్రపరిచే ఫంక్షన్ అనుకుందాం. జాబితా పైన మొమెంట్ లైబ్రరీ కనిపించింది. మీ కోడ్‌లో మొమెంట్ లేదు. దాని కింది దారి చూస్తే: ఆర్డర్ హ్యాండ్లర్, అది పిలిచిన షేర్డ్ ఇండెక్స్, అది పిలిచిన రిపోర్ట్ ఫైలు, అది పిలిచిన ఎక్సెల్ లైబ్రరీ, అది పిలిచిన మొమెంట్. హ్యాండ్లర్‌కి కావాల్సింది షేర్డ్‌లోని ఐడీ తయారుచేసే ఒక్క ఫంక్షన్. ఇంపోర్ట్ లైన్‌ని షేర్డ్ ఇండెక్స్ నుంచి నేరుగా ఐడీ ఫైలుకి మార్చితే ఎక్సెల్ లైబ్రరీ, మొమెంట్ రెండూ ఒకేసారి మాయమవుతాయి. ఇలాంటి ఒక్క లైను మార్పు ఇచ్చే ఫలితం ముందు మినిఫై లాంటివన్నీ దిగదుడుపే.

జాబితాలో మరో రెండు గుర్తులు వెతకండి. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు రెండు దారుల్లో వచ్చి ఉండొచ్చు. ఎన్‌పీఎం ఎల్ఎస్ కమాండ్‌తో ఎవరు తెచ్చారో కనుక్కుని, వెర్షన్లు కలపండి. లోడ్యాష్ మొత్తంగా వచ్చి ఉంటే లోడ్యాష్ ఈఎస్ రూపానికి మారండి, లేదా వాడే రెండు ఫంక్షన్లను మీరే రాసుకోండి.

బండిల్ సైజుకి సీఐలో ఒక హద్దు పెట్టమని గట్టిగా చెబుతాను. మెటాఫైల్‌లో ఔట్‌పుట్ బైట్లు ఉంటాయి కాబట్టి, ఫంక్షన్‌వారీగా హద్దు దాటితే బిల్డ్ ఆగేలా పది లైన్ల స్క్రిప్ట్ చాలు. అది లేకపోతే ఈ రోజు తగ్గించిన బరువు ఎవరికీ తెలియకుండానే మళ్లీ పెరుగుతుంది.

అరుదుగా వాడే బరువైన దారి ఒకటి ఉంటే, ఉదాహరణకి నూటికి ఒక రిక్వెస్టులో మాత్రమే పీడీఎఫ్ చేయాల్సి వస్తే, ఆ ఇంపోర్ట్‌ని డైనమిక్‌గా మార్చి ఆ ఫంక్షన్ లోపల పెట్టండి. ఒకే ఫైలు బండిల్‌లో కూడా ఆ మాడ్యూల్ పిలిచినప్పుడే నడుస్తుంది. ఫైలుని కూడా విడిగా ఉంచాలంటే స్ప్లిటింగ్ ఆన్ చేయాలి. అది ఈఎస్ మాడ్యూల్ ఫార్మాట్‌లోనే పనిచేస్తుంది, ముక్కలన్నీ జిప్‌లోకి వెళ్లేలా చూసుకోవాలి.

ఏడో మెట్టు: సోర్స్ మ్యాప్

మినిఫై చేసిన బండిల్‌లో ఎర్రర్ వస్తే, ఇండెక్స్ ఫైలు మొదటి లైను, నలభై వేలో అక్షరం అని స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఏ దారిలో వచ్చిందో చూపే జాబితా) వస్తుంది. అర్ధరాత్రి దాన్ని చదవాల్సిన మనిషిని దృష్టిలో పెట్టుకుని సోర్స్ మ్యాప్ (బండిల్‌లోని చోటు అసలు సోర్స్‌లో ఎక్కడిదో చెప్పే ఫైలు) తప్పక తయారుచేయండి. మ్యాప్ ఫైలుని జిప్‌లో పెట్టి, నోడ్ ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఎనేబుల్ సోర్స్ మ్యాప్స్ ఫ్లాగ్ ఇస్తే ట్రేస్‌లో అసలు ఫైలు, అసలు లైను కనిపిస్తాయి. మ్యాప్‌లో సోర్స్ మొత్తం కాపీ అవసరం లేదు. సోర్సెస్ కంటెంట్ విలువ ఫాల్స్ పెడితే సైజు బాగా తగ్గుతుంది.

ఎర్రర్లు ఎక్కువగా విసిరి పట్టుకునే కోడ్ ఉంటే, స్టాక్ తయారైన ప్రతిసారీ మ్యాప్ చూడాల్సి రావడం వల్ల ఖర్చు కనబడుతుంది. అలాంటి చోట మ్యాప్‌ని ఎర్రర్ ట్రాకింగ్ సర్వీసుకి మాత్రమే పంపి, జిప్ నుంచి తీసేయండి.

ఎనిమిదో మెట్టు: బండ్లర్ కంటికి కనిపించనివి

ఈఎస్‌బిల్డ్ స్ట్రింగ్‌గా స్పష్టంగా రాసిన ఇంపోర్ట్‌లను అనుసరిస్తుంది. పూర్తిగా నడిచేటప్పుడే తయారయ్యే దారిని అది ఊహించజాలదు. టెంప్లేట్ ఫైళ్లు, ఎస్‌క్యూఎల్, గ్రాఫ్‌క్యూఎల్ స్కీమా లాంటివి ఫైల్ సిస్టమ్ నుంచి చదివితే అవి జిప్‌లో ఉండవు. వాటికి టెక్స్ట్ లోడర్ పెట్టి ఇంపోర్ట్ చేయడం శుభ్రమైన పద్ధతి. ఫైలు సారం స్ట్రింగ్‌గా బండిల్‌లోకి వస్తుంది. ఓఆర్ఎం ఎంటిటీలను ఫోల్డర్ ప్యాటర్న్‌తో వెతకమని చెప్పి ఉంటే, దాని బదులు ఎంటిటీ క్లాసులను ఇంపోర్ట్ చేసి వరుసగా రాయండి.

పీనో లాగర్ ట్రాన్స్‌పోర్టులు (లాగ్‌ని వేరే చోటికి పంపే భాగాలు) వర్కర్ థ్రెడ్‌లో వేరే ఫైలుగా నడుస్తాయి. బండిల్ చేస్తే ఆ ఫైలు దొరకదు. లాంబ్డాలో ట్రాన్స్‌పోర్ట్ అవసరమే లేదు, స్టాండర్డ్ ఔట్‌పుట్‌కి రాస్తే లాగ్ చేరాల్సిన చోటికే చేరుతుంది.

ఓపెన్‌టెలిమెట్రీ లాంటి ట్రేసింగ్ టూల్స్ (రిక్వెస్టు ఏ దారిలో నడిచిందో నమోదు చేసేవి) లైబ్రరీలు లోడ్ అయ్యే క్షణాన్ని పట్టుకుని వాటికి తొడుగు వేస్తాయి. బండిల్‌లో ఆ క్షణమే ఉండదు, కాబట్టి ట్రేసులు నిశ్శబ్దంగా ఆగిపోతాయి. ట్రేస్ కావాల్సిన లైబ్రరీలను ఎక్స్‌టర్నల్ చేయడమో, చేత్తో ఇన్‌స్ట్రుమెంట్ చేయడమో చేయాలి. ఇంకో చిక్కు: ఈఎస్‌బిల్డ్ కామన్‌జేఎస్ ఔట్‌పుట్‌లో ఎక్స్‌పోర్ట్‌లను గెట్టర్లుగా రాస్తుంది. హ్యాండ్లర్‌కి తొడుగు వేయబోయే లేయర్ ఆ ప్రాపర్టీని తిరిగి నిర్వచించలేనని ఆగిపోతుంది. హ్యాండ్లర్‌ని మాడ్యూల్ ఎక్స్‌పోర్ట్స్ ద్వారా ఎక్స్‌పోర్ట్ చేస్తే పని జరుగుతుంది.

భద్రతా స్కానర్ల సంగతి కూడా. జిప్‌లోని నోడ్ మాడ్యూల్స్ చూసి లోపాలున్న వెర్షన్లను పట్టే స్కానర్‌కి బండిల్‌లో ప్యాకేజీ పేర్లు దొరకవు. లాక్‌ఫైల్‌ని (ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లుండే ఫైలు) సీఐలో స్కాన్ చేయించండి.

తొమ్మిదో మెట్టు: జిప్, పరీక్ష, కొలత

హ్యాండ్లర్ ఫైలు జిప్‌లో మూలంలోనే ఉండాలి, ఫోల్డర్‌లో ఉంటే హ్యాండ్లర్ సెట్టింగ్‌లో ఆ దారి కూడా రాయాలి. ఇంపోర్ట్ మాడ్యూల్ ఎర్రర్‌తో పాటు ఇండెక్స్ దొరకలేదన్న మాట లాగ్‌లో కనిపిస్తే మొదట చూడాల్సింది ఇదే. ఫైళ్లకి అందరూ చదవగలిగే అనుమతి ఉండాలి. కోడ్ మారకపోయినా జిప్ హ్యాష్ మారితే అనవసర డిప్లాయ్‌లు జరుగుతాయి. కారణం ఎక్కువగా ఫైళ్ల టైమ్‌స్టాంప్. జిప్ చేసేముందు అన్నిటికీ ఒకే స్థిరమైన తేదీ పెడితే చాలు.

పరీక్షలో ఒక కిటుకు ఉంది. బండిల్‌ని ప్రాజెక్టు లోపలి డిస్ట్ ఫోల్డర్‌లోనే నడిపి చూస్తే అన్నీ బాగున్నట్టే అనిపిస్తుంది. నోడ్ ప్యాకేజీ కోసం పై ఫోల్డర్లలోకీ ఎక్కి వెతుకుతుంది కాబట్టి, ఎక్స్‌టర్నల్ చేసి జిప్‌లో పెట్టడం మరిచిన ప్యాకేజీ కూడా మీ ప్రాజెక్టు నోడ్ మాడ్యూల్స్‌లో దొరికిపోతుంది. జిప్‌ని ప్రాజెక్టుకి పూర్తిగా బయట ఉన్న ఖాళీ ఫోల్డర్‌లో విప్పి, అక్కడ నోడ్‌తో హ్యాండ్లర్‌ని ఇంపోర్ట్ చేసి, ఒక శాంపిల్ ఈవెంట్‌తో పిలవండి. ఇంకా దగ్గరగా కావాలంటే ఏడబ్ల్యుఎస్ ఇచ్చే లాంబ్డా నోడ్ బేస్ ఇమేజ్‌ని డాకర్‌లో నడిపి, విప్పిన ఫోల్డర్‌ని దాని వార్ టాస్క్ ఫోల్డర్‌కి తగిలించండి. అందులో రన్‌టైమ్ ఎమ్యులేటర్ ఉంటుంది. నేటివ్ బైనరీ తప్పుంటే అక్కడే తేలుతుంది.

కొలవడానికి క్లౌడ్‌వాచ్ (లాంబ్డా లాగ్‌లు చేరే ఏడబ్ల్యుఎస్ సేవ) లాగ్‌లోని రిపోర్ట్ లైన్ చూడండి. అందులో ఇనిట్ డ్యురేషన్ కోల్డ్ స్టార్ట్ అయినప్పుడే కనిపిస్తుంది. మళ్లీ కోల్డ్ స్టార్ట్ కావాలంటే ఏదో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చితే సరిపోతుంది. ఒక్క కొలతని నమ్మకండి, పలుమార్లు చేసి మధ్యస్థ విలువ తీసుకోండి.

టూల్స్, ఇతర ప్లాట్‌ఫామ్‌లు

ఏడబ్ల్యుఎస్ సీడీకేలోని నోడ్‌జేఎస్ ఫంక్షన్, సామ్ బిల్డ్, సర్వర్‌లెస్ ఫ్రేమ్‌వర్క్ నాలుగో వెర్షన్, డిప్లాయ్ చేసే ఈ టూల్స్ అన్నీ లోపల ఈఎస్‌బిల్డ్‌నే పిలవగలవు. పైన చెప్పిన సెట్టింగులు వాటిలోనూ దాదాపు అవే పేర్లతో ఉంటాయి. సీడీకే నోడ్ 18 నుంచి ఎస్‌డీకేని అడగకుండానే ఎక్స్‌టర్నల్ చేస్తుంది; బండిల్‌లో కావాలంటే ఆ జాబితాని మీరే ఖాళీ చేయాలి. నేటివ్ ప్యాకేజీలకి అందులో నోడ్ మాడ్యూల్స్ అనే ఆప్షన్ ఉంది, అక్కడ రాసినవాటిని కలపకుండా ఇన్‌స్టాల్ చేస్తుంది.

గూగుల్ క్లౌడ్‌లో, 2024 నుంచి క్లౌడ్ రన్ ఫంక్షన్స్ అంటున్న సేవలో, డిప్లాయ్ సమయంలో సర్వర్ వైపే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ నడుస్తుంది. బండిల్ పంపేటట్టయితే అందులో కలిసిపోయిన ప్యాకేజీలను డెవ్ డిపెండెన్సీల్లోకి మార్చండి, లేకపోతే రెండోసారి ఇన్‌స్టాల్ అవుతాయి. అజూర్ ఫంక్షన్స్ నోడ్ నాలుగో మోడల్‌లో ప్యాకేజ్.జేసన్ మెయిన్ ఫీల్డ్ మీ బండిల్‌ని చూపించాలి, అజూర్ ఫంక్షన్స్ కోర్ ప్యాకేజీని ఎక్స్‌టర్నల్ చేయాలి. దాన్ని రన్‌టైమే అందిస్తుంది.

క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ దారి వేరు. అక్కడ నడిచేది నోడ్ ప్రాసెస్ కాదు, వీ8 ఐసొలేట్ (వీ8 జావాస్క్రిప్ట్ ఇంజిన్‌లో విడిగా ఉంచిన చిన్న గది లాంటిది). కుదించిన తర్వాత కోడ్ ఉచిత ప్లాన్‌లో 3 ఎంబీ, చెల్లించే ప్లాన్‌లో 10 ఎంబీ దాటకూడదు. క్లౌడ్‌ఫ్లేర్ కమాండ్ లైన్ టూల్ ర్యాంగ్లర్ లోపల ఈఎస్‌బిల్డ్‌తో తనే బండిల్ చేస్తుంది. నోడ్ మాడ్యూళ్లు వాడే ప్యాకేజీలకి నోడ్‌జేఎస్ కంపాట్ ఫ్లాగ్ పెట్టాలి, నేటివ్ బైనరీలు అసలు నడవవు. డిప్లాయ్ కమాండ్‌కి డ్రై రన్, ఔట్ డైరెక్టరీ ఆప్షన్లు ఇస్తే, ఏమీ ఎక్కించకుండానే తయారైన బండిల్‌ని మీ ఫోల్డర్‌లో పెడుతుంది. దాన్ని తెరిచి పై మెట్లలో చెప్పినట్టే చదవండి.